సోని అడిగిన మిషన్

ఆ చాట పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చో తల్లీ. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

టేకులపల్లి అవతల తండాలో భీమ్లా అని ఒకడున్నాడు. లారీ డ్రైవరు. జామాయిల్ కర్ర లోడు సారపాక కాగితం మిల్లుకు తోలుతూ ఇరవై ఏళ్ళు గడిపాడు. అడవిలో ఏ మలుపు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ ధీమా ఉండేది మనిషికి. భార్య గోరి, ఒక్కతే కూతురు సోని. సోని డిగ్రీ చదువుతూ సైకిల్ పందేలకు పోయేది. మోకాళ్ళ మీద ఎప్పుడు చూసినా గీరుకుపోయిన మచ్చలే.

కొత్తగూడెంలో శ్రీధర్ సైకిల్ షాపులో, అద్దాల వెనక ఒక చిన్న మిషన్ ఉండేది. హ్యాండిల్‌కు బిగిస్తే ఎంత వేగం, ఎంత దూరం, ఎటు పోవాలి, అన్నీ చూపిస్తుందట, సిగ్నల్ లేని అడవిలో కూడా. పాత మోడల్ కాబట్టి తగ్గించి ఇస్తానన్నాడు. సోని నెలకోసారి పోయి దాన్ని చూసి వచ్చేది.

"పాత సామాను మనకెందుకు బిడ్డా," అన్నాడు భీమ్లా. "అడవి తోవ నాకన్న ఆ డబ్బాకు ఎక్కువ ఎరుకనా? నేను చెప్త, ఇను. ఇప్పచెట్టు దాటినంక దిగుడు వస్తది. కింద వాగు మీద తూము. ఆడ బ్రేకు పట్టకు. పట్టినవా, అవతలి ఎక్కుడు ఎక్కలేవు."

"నీ లెక్క నేనేమన్న కర్ర లోడేసుకొని పోతున్ననా నాయినా?" అని నవ్వింది సోని.

లోడు తోలేవాళ్ళందరూ అంతే, ఊపు మీద దిగి ఊపు మీద ఎక్కుతారు. తనకు అలవాటైన మాటే కూతురికీ చెప్పాడు.

వానాకాలంలో ఒకనాడు, భద్రాచలం దాకా తొక్కి వస్తానని సోని తెల్లవారుతుండగానే బయలుదేరింది. ముందురోజు వానకు వాగు పొంగి, ఆ తూమూ దాని మీది రోడ్డూ కొట్టుకుపోయాయి. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

పొద్దెక్కాక తూము తెగిందని తెలిసి, వెతుక్కుంటూ అక్కడికి ముందుగా చేరింది భీమ్లానే. బురదలో సైకిల్ చక్రం గీత గండి అంచు దాకా చక్కగా, వంకర లేకుండా ఉంది. ఎక్కడా జారినట్టు లేదు, ఆగబోయినట్టు లేదు. మధ్యాహ్నం వానకు ఆ గీత కూడా పోయింది. సోనిని మట్టి చేసి వచ్చాక కూడా గోరికి ఆ మాట చెప్పలేదు.

ఏడాది తిరిగాక శ్రీధర్ ఫోన్ చేశాడు. సోని షాపులో రాసిచ్చిన నంబరు తండ్రిదే. "సోనికి చెప్పు కాకా, ఆ పీసు ఇంకా తగ్గించినం. సగానికే ఇస్తం."

ఫోన్ పెట్టేశాక గోరి అన్నది, "పోయి తీసుకురా. ఉన్నప్పుడు కొనియ్యకపోతివి. ఫొటో కాడన్న పెడదాం."

భీమ్లా పోయాడు. శ్రీధర్ దుమ్ము తుడిచి మిషన్ ఆన్ చేశాడు. "బ్యాటరీ మంచిగున్నది కాకా. మ్యాపే పాతది. కంపెనీ కొత్తది పంపుతలేదు."

"టేకులపల్లి దిక్కు చూపియ్యి."

మలుపు వచ్చింది, దిగుడు వచ్చింది, వాగు వచ్చింది. వాగు మీదుగా దారి గీత ఎక్కడా తెగకుండా అవతలికి పోయింది. ఏడాదిలో మొదటిసారి భీమ్లాకు ఊపిరి నిండుగా ఆడింది. ఇది కొనిచ్చినా అటే పంపేది కదా.

"మరి దిగుట్ల బ్రేకు పట్టకని చెప్తదా ఇది?"

శ్రీధర్ నవ్వాడు. పాపం, అతనికేం తెలుసు. "అట్ల ఏ మిషన్ చెప్తది కాకా? తోవ చూపిస్తది, అంతే."

నిద్రపోయిన పసిపిల్లను పడుకోబెట్టినట్టు, దాన్ని అద్దం మీద మెల్లగా పెట్టాడు భీమ్లా. "వద్దులే బిడ్డా."

ఇంట్లో ఫొటో పక్కన తుడిచి, చోటు చేసి పెట్టుకుంది గోరి. ఉత్త చేతులు చూసి అడిగింది, "తేలేదా?"

"దాంట్ల గూడ తూము ఉన్నది గోరీ. బ్రేకు పట్టకన్నది మాత్రం నేనే."

బురదలో చూసిన గీత సంగతి అప్పుడు చెప్పాడు.

ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గోరి రోజూ తుడుస్తుంది. తల్లీ, ఇది గుర్తు పెట్టుకో. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు, దుడుకు పిల్ల, చూసుకోకుండా పోయింది అని మాత్రం చెప్పకు, తండాలో కొందరు అలాగే అంటారు. ఆ గీత చక్కగా ఉందని చెప్పు. నాయన మాట విన్నదని చెప్పు.