సూదిమందు నాడు ఆగిన సాంచాలు

అశోక్ చౌక్ ఎనక కరెంటు మగ్గాల కార్ఖానాల సేటు ముందట పెంటప్ప చేతులు కట్టుకొని నిలబడ్డది నేను కండ్లార చూసిన. ఆయన మగ్గం పక్క సాంచా నాదే. అది ఎనభై తొమ్మిది సంగతి.

"బిడ్డకు సూదిమందు ఉన్నది సేట్. బొంబాయి పోవాలె. ఛుట్టీ ఇయ్యిండ్రి."

"మొన్ననే పోయినవ్ గద! ఈసారి పోతే మల్ల రాకు. నీ సాంచా నడిపేటోళ్లు మస్తు మంది ఉన్నరు."

పెంటప్ప బిడ్డ ద్రౌపదికి తొమ్మిదేండ్లు. మెడ మీద నొప్పిలేని గడ్డలు లేచినయి. పొద్దుగూకితే జ్వరం. టీబీ అని ఊళ్లె డాక్టర్లు ఏడాది మందులు మింగిచ్చిండ్రు. పిల్ల పుల్లలెక్క అయినంక బొంబాయి దవాఖానల గడ్డ ముక్క తీసి చూస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. క్యాన్సరే. కాని పిల్లలకు ఇది చానామటుకు నయమైతది, సూదులు మాత్రం నడుమ ఆపొద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది.

మొదటి సూదులకే గడ్డలు కరిగినయి. ద్రౌపది మళ్ల గల్లీల కుంటుడాట ఆడింది. ఆ పిల్ల ఎగిరిన ఎగురుడే మమ్ములను ఇప్పటికీ నిద్రపోనియ్యది.

పెంటప్ప బొంబాయి పోలేదు. పని పోతే పొయ్యి మీదికి ఏమొస్తది? తల్లి గోదావరి చుట్టే బీడీలు ఇంటి కిరాయికే చాలకపాయె. సూదులు తప్పినయి. గడ్డలు తిరిగొచ్చినయి, ఈసారి ఊపిరికి అడ్డంగ. దీపావళి ముందట ద్రౌపదిని మట్టిచేసినం.

కొంతం చౌక్ కాడ మీటింగ్ పెట్టినం. ముసలి కార్మికుడు నర్సప్ప నిట్టూర్చిండు.

"క్యాన్సర్‌కు సేటేం జేస్తడు? దేవుడు గట్ల రాసిండు."

గోదావరి లేచింది.

"దేవుని మీదికి ఎందుకు నూకుతవ్ నర్సప్పన్నా? దవా ఉండె. గడ్డలు కరిగినయి, ఈ చేతులతోని తడిమి చూసిన. ఛుట్టీ ఇయ్యనిదెవరు? మన పేర్లు ఈఎస్ఐ బీమాల ఎక్కియ్యనిదెవరు? ఎక్కిస్తే దవా, ఛుట్టీ మన హక్కయితుండె!"



ఆ తెల్లారి నుంచి మా గల్లీ ఆడోళ్లు నల్లా కాడ పిల్లలను ఆపి మెడలు తడుముడు షురూ చేసిండ్రు. పిల్లలు చక్కిలిగిలి అని నవ్వేటోళ్లు. తల్లులు మాత్రం ఇంకోసారి తడిమేటోళ్లు. మా కార్ఖానాల పనిచేసే లింగయ్య కొడుకు మెడల ఒక గడ్డ తగిలింది. ఊళ్లె డాక్టర్లు మల్ల టీబీ మందే మింగియ్యుమన్నరు. లింగయ్య ఒప్పుకోలే. ముక్క తీపియ్యాలె, బొంబాయి పోవాలెనని ఛుట్టీ అడిగిండు.

సేటు అదే మాటన్నడు.

పెంటప్ప తన సాంచా ఆపిండు. నేను నాది ఆపిన. నర్సప్ప ఆపిండు. వరుస మొత్తం ఆగింది.

"ఎవని పోరనికో రోగమొస్తే నా మాల్ ఆగాల్నా?"

"ఆగుతది సేట్," అన్నడు పెంటప్ప. "లింగయ్య వాపస్ వచ్చెదాక ఆగుతది. అందరి పేర్లు ఈఎస్ఐల ఎక్కిచ్చెదాక ఆగుతది."

లింగయ్య కొడుకును ఎత్తుకొని రైలు టేషన్‌కు పోయిండు. సేటు పిలిస్తే పోలీసులొచ్చి పెంటప్పను జీపుల ఎక్కిచ్చిండ్రు. జీపు జోడ్‌భావి పేట్ దాటకముందే బీడీలు చుట్టే ఆడోళ్లు చాటలు పక్కకు పెట్టి తొవ్వకు అడ్డం కూసున్నరు. పక్క కార్ఖానాలు కూడ ఒక్కొక్కటే బందయినయి. పేట్ అంత నిశ్శబ్దమెన్నడూ ఎరగది.

గోదావరి జీపు ముందట నిలబడి గట్టిగ పిలిచింది.

"ఇంకెవరి పిల్లకు గడ్డలున్నయి? దాచకుండ్రి. బయటికి తెండ్రి, ఎందరికి దవా కావాల్నో సర్కారుకు కూడ కనవడాలె!"

ఒక తలుపు తెరుసుకున్నది. తర్వాత ఇంకొకటి. తల్లులు పిల్లలను సంకనేసుకొని జీపు దిక్కు నడిచిండ్రు.