ఏడో అధ్యాయంలో చనిపోయిన అక్క

బైండింగ్ షెడ్డులో ఆమెను అందరూ మడతక్క అనేవారు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఆ మూడు మడతలూ యాభై ఏళ్లుగా వేస్తూనే ఉంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

ఆమె తమ్ముడు తన జీవితకథ రాసుకున్నాడు. అదేమైనా మామూలు పుస్తకమా! బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో అదే, డాక్టరు గది బయట బల్ల మీద అదే. రెండేళ్లలో ఏడు ముద్రణలు. అన్నీ ఈ షెడ్డుకే మడతకు వచ్చాయి. అంత పుస్తకంలోనూ జనం గుండెలు పిండేసేది ఏడో అధ్యాయం. అందులో తమ్ముడికి ఐదేళ్లు, అక్కకు పదకొండు. తమ్ముడికి జ్వరం వస్తే, ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటీ వాడికి కప్పి, తాను చలికి వణికి వణికి నాలుగో రోజున అక్క చనిపోతుంది.

దుప్పటి మాట నిజమే. చావు మాత్రం కాదు. పది రోజులు ముక్కు కారింది, అంతే. ఆ ముక్కు తుడుచుకుంటూనే బడి మానేసి ఈ షెడ్డులో చేరింది, వాడు చదువుకోవాలని.

ఆ ఫారం మొదటిసారి తన బల్ల మీదికి వచ్చినప్పుడు కూడబలుక్కుని చదివింది. తాను పోయిన వాక్యం మీద వేలు పెట్టి రెండోసారి చదివింది. పక్క బల్ల దగ్గర ఫారాలు కుట్టే ఆవిడతో ఇది నేనేనమ్మా అని చెబితే, అప్పటిదాకా అదే చదివి కళ్లు తుడుచుకుంటున్న మనిషి కాస్తా పకపకా నవ్వి, నువ్వు పోయినదానివైతే మధ్యాహ్నం నా డబ్బా ఖాళీ చేసిందెవరు అంది.

తమ్ముణ్ణి అడిగితే తల వంచుకున్నాడు. మొదట ఉన్నది ఉన్నట్టే రాశాడట. పుస్తకం వేసేవాళ్లు, ఇక్కడ చప్పబడింది, ఏదో ఒకటి జరగాలి అన్నారట. తర్వాత సభల్లో ఆ అధ్యాయం చదువుతూ ఏడవడం అలవాటైంది. దొంగ ఏడుపేం కాదు, నిజం ఏడుపే. చిక్కంతా అక్కడే ఉంది. అంతమంది ముందు అన్నిసార్లు ఏడ్చాక, మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా బతికుందని నమ్మబుద్ధి కాదు కాబోలు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం ఆమె వాళ్లింట్లో సోఫాలో కూర్చుని ఉండగా, పుస్తకం చదివిన భార్యాభర్తలెవరో వెతుక్కుంటూ వచ్చారు. మరదలు గబగబా, ఈవిడ మా దూరపు చుట్టం అని చెప్పి ఆమెను వంటింట్లోకి పంపింది. వచ్చినావిడ గోడలన్నీ చూసి, ఆ పాప ఫొటో ఒక్కటైనా లేదా అని అడగడం, లేదని తమ్ముడు చెప్పడం మడతక్క గిన్నెలు కడుగుతూ వింది. ఆ రోజు ఆమె వెళ్లేటప్పుడు, ఇకనుంచి ముందు ఫోన్ చేసి రా అక్కా అన్నాడు. చేస్తే ఎప్పుడూ ఎవరో ఒకరు రాబోతూనే ఉండేవారు.

అమ్మానాన్నలు పోయారు, కట్టుకున్నవాడు పోయాడు, కడుపున ఎవరూ పుట్టలేదు. నా వాడు అని చెప్పుకోవడానికి తమ్ముడొక్కడే మిగిలాడు. ఆ ఇంటి గుమ్మంలో అక్కగా అడుగు పెట్టాలి, ఆమెకు కావలసింది అంతే. అందుకే ఒకనాడు పట్టుబట్టింది.

"ఎన్నాళ్లురా నన్ను చంపుతావు? ఈసారి అచ్చులోనన్నా బతికించు."

"ఎనిమిదో ముద్రణలో సరిచేస్తాలే అక్కా. నీ మీద ఒట్టు."

చచ్చినదాని మీద ఒట్టేమిట్రా అని నవ్వేసింది గానీ, నమ్మింది. ఆర్నెల్లు, అచ్చు కాగితాలు తెచ్చే ప్రతి లారీ కోసం ఎదురుచూసింది.

ఎనిమిదో ముద్రణ వానలు మొదలయ్యాక వచ్చింది. కట్టలు సన్నగా ఉన్నాయి. చవకగా అమ్మడానికి కుదించారట. ఏడో అధ్యాయం ఉన్న ఫారం వెతికి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది. జ్వరం ఉంది. దుప్పటి ఉంది. కప్పింది అమ్మ. చెయ్యి పట్టుకుని బడికి నడిపించింది కూడా అమ్మే. ఆ రాత్రి అమ్మ మిల్లులో ఉందని మడతక్కకు తెలుసు. అయినా పోయిన అమ్మతో దుప్పటి కోసం తగువేం పెట్టుకుంటుంది? అక్క అన్న మాట కోసం ఫారాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు.

ఫోన్ చేస్తే తమ్ముడు ఓపికగానే చెప్పాడు. బతికుందని రాస్తే ముందు రాసిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టేనట, వేరే దారి లేదట.

"చనిపోయావని ఎక్కడా లేదు కదా అక్కా, చూసుకో."

"మరి ఇంటికి రానా?"



"పాతవి చదివినవాళ్లు ఇంకా వస్తున్నారు. కొన్నాళ్లు ఆగు."

కొన్నాళ్లంటే ఎన్నాళ్లని ఆమె అడగలేదు. ఆ పాత పుస్తకాలు ఎన్ని వేల ఇళ్లలో ఉన్నాయో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? వాటి మడతలన్నీ ఆమె చేతివే. గట్టిగా వేసింది, ఇప్పట్లో విడిపోవు.

తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, కుట్టే ఆవిడ కొత్త ఫారం అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"మడతక్కా, ఆ చచ్చిపోయే పిల్ల ఏదీ? తీసేశారా? జనం కొనేదే దానికోసం కదా."

"పోయిన పిల్ల గురించి ఎన్నాళ్లు రాస్తారమ్మా," అంది మడతక్క, కాగితం అందుకుంటూ.

ఆ మాటా నిజమేననిపించింది కాబోలు, ఆవిడ దారం తెంపి ఇంకో ఫారం కుట్టసాగింది.