గాజు పలక మీది బొట్టు

గోదారి పొంగి ఏటూరునాగారం నీళ్లపాలైన ఏడు అది. ఆ దసరాకు బుచ్చిరాములు కాలేజీ ల్యాబులో ఆయుధపూజ చేశాడు. హనుమకొండలో అటెండరు పని దొరక్క ముందు అతను మగ్గం నేసేవాడు. పండగపూట పనిముట్టుకు బొట్టు పెట్టనిదే ముద్ద దిగని ఇల్లు. తక్కెడలు తుడిచాడు, లేజరు తుడిచాడు. చీకటిగదిలో డబ్బాలో ఉన్న గాజు పలకనూ తడిబట్టతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి మళ్లీ మూత వేశాడు.

మర్నాడు సాయంత్రం రీసెర్చి చేసే పద్మ నర్సంపేట నుంచి వచ్చింది.

“అన్నా, రేపు తొమ్మిదింటికి బెంగుళూరు సార్లు నా పని చూడ కాజీపేటల దిగుతాండ్లు. గది ఊడ్చిపెట్టు. డబ్బా జోలికి మాత్రం పోకు.”

“అండ్ల ఏమున్నదమ్మా?”

“గాజు మీద వెండి గీత. వెంట్రుకను నూరు పాయలు చీరితే ఒక పాయంత సన్నం. ఈ మొనకాడ వెలుగు ఇస్తే, వెండిని పట్టుకొని పాక్కుంట పోయి ఆ మొనకాడ తేలుతది.”

“గంత సన్నపు తొవ్వల వెలుగు పడ్తదా?”

“అదే గదా నా మూడేండ్ల సదువు! వేలు తాకినా గీత పోతది. ఇంకోటి రావాల్నంటే ఏడాది.”

బుచ్చిరాములు చీపురు తిరగేసి పట్టుకుని గది ఊడవబోయాడు.

“ఏందన్నా, పండుగ కల్లు ఇంక దిగలేదా?” పద్మ నవ్వుతూ హాస్టలుకు వెళ్లిపోయింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని భార్యకు చెప్పాడు. సరోజన గరిటె కింద పెట్టింది.

“నౌకరి ఇంక పర్మినెంటు కాకపాయె. ఎలుక దూరిందని చెప్పు.”

“ఎలుక బొట్టు పెడ్తదా?”

“అయితె పలిగిందని చెప్పు. గాజే గదా!”

అన్నం అలాగే ఉండిపోయింది.

తెల్లారగానే చీకటిగది తెరిచి పలకను చేతిలోకి తీసుకున్నాడు. ఎండిన పసుపు తప్ప మరేం కనబడలేదు. కింద బండ. వేళ్లు వదులైతే చాలు, పగిలిందని చెప్పొచ్చు. చెమటకు పలక జారబోయింది. ఉలిక్కిపడి రెండు చేతులా పట్టుకున్నాడు. చెప్పకపోతే ఆ పిల్ల సార్ల ముందే మూత తీస్తుంది.

పలకను డబ్బాలో పెట్టి, కండువాలో చుట్టుకుని లేడీస్ హాస్టలు గేటు దగ్గరికి నడిచాడు. వాచ్‌మన్‌తో పద్మను పిలిపించాడు.

“ఏందన్నా గింత పొద్దుగాల?”

మూత తానే తీసి చూపించాడు.

“నేనే పెట్టిన తల్లీ. పండుగని పెట్టిన.”