ముప్పై ఎనిమిదో రోజు జ్వరం

దర్జీ కూతురికి పుట్టిన ముప్పై ఎనిమిదో రోజున ఒళ్లు కాలిపోయింది. పొద్దున్నే పాలసీసా నోటికందిస్తే రెండు గుక్కలు చప్పరించి మొహం తిప్పేసుకుంది. జలుబు లేదు, దగ్గు లేదు. అడుగుదామంటే ఇంట్లో పెద్దదిక్కు లేదు. కాన్పు తర్వాత రక్తంలో ఇన్ఫెక్షన్ సోకి భార్య వేరే ఊరి పెద్దాసుపత్రిలో ఉంది. తోడుగా అత్తగారు వెళ్లింది. అతను పిల్లను దుప్పట్లో చుట్టి, దుకాణానికి తాళం వేసి, పిల్లల ఆసుపత్రికి నడిచాడు.

డాక్టరమ్మ చెవులు, గొంతు, ఊపిరితిత్తులు అన్నీ చూసింది. ఎక్కడా తేడా కనిపించలేదు.

"రెండు నెలలు నిండని పిల్లకి జ్వరమంటే తేలిగ్గా తీసుకోలేం. పైకి ఏమీ లేదంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్ష చెయ్యాలి."

"మూత్రం పట్టడానికి సంచీ ఏదో అంటిస్తారంట కదండీ?"

"అందులో చర్మం మీది క్రిములు కూడా కలుస్తాయి. ఇన్ఫెక్షన్ ఉందని వచ్చినా నమ్మలేం. పోసేటప్పుడు నేరుగా కప్పులో పట్టాలి. కుదరకపోతే సన్న గొట్టం వేసి తీస్తాం."

పెద్ద నర్సు పిల్లను చంకల కింద పట్టుకుని ఎత్తమంది. మూత్రం వచ్చేలా పొత్తికడుపు మీద వేళ్ల కొసలతో తట్టింది, నడుం నిమిరింది. చుక్క రాలేదు. పక్క గదిలోంచి పిలుపొస్తే కప్పు అతని చేతిలో పెట్టింది.

"కన్ను మరల్చకు. ఇప్పుడే వస్తా."

ఆమె అటు వెళ్లగానే ఫోన్ మోగింది. భార్య. ఎత్తకపోతే కంగారుపడుతుందని కప్పు పక్కన పెట్టి, పిల్లను ఒడిలో పడుకోబెట్టుకున్నాడు.

"పాప ఏం చేస్తోంది?" గొంతు పీలగా వచ్చింది.

"నిద్రపోతోంది."

"ఆ గోలేంటి?"

"దుకాణంలో జనం."

"నేను వస్తున్నానని చెప్పండి దానికి."

"చెప్తా."

అప్పుడే అతని ఒడి వెచ్చగా తడిసింది. కప్పు పొడిగానే ఉంది.

"ఇక ఆగలేం," అంది డాక్టరమ్మ వచ్చి చూసి. "మందు మొదలెట్టాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. గొట్టం వెయ్యమంటారా?"

ఇంకెవరినో అడుగుతోందన్నట్టు అతను పక్కకు చూశాడు. ఖాళీ కుర్చీ ఉంది.

"నొప్పా అమ్మా?"

"ఓ నిమిషం ఇబ్బంది పడుతుంది. చూడలేకపోతే బయట కూర్చోండి."

"వద్దు. నేనే పట్టుకుంటా."

పిల్ల మోకాళ్లు అతని రెండు వేళ్ల మధ్య ఇమిడిపోయాయి. పాప నోరు తెరిచింది గానీ కాసేపు ఏడుపు బయటికి రాలేదు. వచ్చాక, తనకు తెలిసిన ఒకే ఒక్క లాలి పాడబోయాడు. మాటలు గుర్తుకు రాలేదు. "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూ ఉండిపోయాడు. సీసాలో పడిన నాలుగు చుక్కలు మసగ్గా ఉన్నాయి.

పాపను వార్డులో చేర్చుకుని, చేతికి సూది గుచ్చి మందు ఎక్కించారు. మూత్రంలో క్రిమిని పెంచి చూసే అసలు ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. పక్క మంచం చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవారు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేవారు. వాళ్లను సాయం అడగడానికి మొహమాటపడి అతను పిల్లనెత్తుకునే సీసాలు కడుక్కున్నాడు, స్నానాల గదికి వెళ్లడం వాయిదా వేసుకున్నాడు. భార్య ఫోన్ చేసినప్పుడల్లా దుకాణం గురించి మాట్లాడాడు.

రెండో రోజు సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది. మూడో రోజు డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చింది.

"ఒకే రకం క్రిమి, బాగా పెరిగింది. అనుమానం లేదు. మనమిస్తున్న మందుకే లొంగుతుంది. రక్తంలో ఏమీ లేదు, కిడ్నీల స్కానూ బాగుంది. మళ్లీ జ్వరమొస్తే మాత్రం ఇంట్లో కూర్చోకండి."

అప్పుడు భార్యకు తనే ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"మూడు రోజులు అబద్ధాలాడారా నాతో?"

"లేచి వచ్చేస్తావని."

"లేచే ఓపికుంటే కదా." ఆమే అడిగింది. "తోడెవరున్నారు?"

"నర్సమ్మలున్నారు."

"దానికి కాదు. మీకు."

ఈసారి అబద్ధం నోటికి రాలేదు. "ఎవరూ లేరు," అన్నాడు.

అవతల అత్తగారి గొంతు వినిపించింది. "ఏడుస్తోంది బాబూ. మళ్లీ చేస్తాంలే."

ఫోన్ జేబులో పెట్టుకుని పిల్లను ఒడిలోకి తీసుకున్నాడు. పాప సీసా అందుకుని ఆపకుండా తాగింది. చెయ్యి తిమ్మిరెక్కినా మార్చుకోకుండా, సీసా ఖాళీ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.