ఉయ్యాల కొక్కెం పక్కన మచ్చ

హలో! వినపడుతోందాండీ? అందరూ బాగున్నారా? పనిలో ఉంటే ఉండండి, చెవి మాత్రం ఇటు పడేయండి. ఎవరు మాట్లాడుతున్నారని నంబరు చూడకండి, నాకు నంబరు లేదు. నేను ఒక ఉయ్యాల కొక్కేన్ని. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే బుల్లబ్బాయి గారి డాబా ఇంట్లో, మధ్యగది కప్పుకి వేలాడేదాన్ని.

నా పుట్టుక గొప్పదేం కాదు. స్లాబుకి ఇనుము కట్టగా మిగిలిన ఊచ ముక్కని మేస్త్రి వంచి, చువ్వలకి తీగతో బిగించి, మీద కాంక్రీటు పోయించాడు. అప్పటినుంచి నా తల స్లాబులో, ఒళ్లు గదిలో. పైన ఏం జరుగుతోందో తెలుసు, కింద ఏం జరుగుతోందో తెలుసు. నోరే లేదు.

గృహప్రవేశం రోజు వచ్చినవాళ్లంతా తలెత్తి, "స్లాబు భలే వచ్చిందండీ" అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పైకి చూడలేదు. మనుషులు గచ్చు రోజూ తుడుస్తారు. గోడ మీద చెయ్యి ముద్ర పడితే పిల్లల్ని కేకలేస్తారు. నెత్తి మీద అంత బరువుందే, దాని మంచీచెడ్డా మాత్రం కనుక్కోరు.

నాకు కట్టిన మొదటి ఉయ్యాల ప్రత్యూషది. బుల్లబ్బాయి గారి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల పెద్దయ్యాక ఏళ్ల తరబడి నాకు దోమతెర తాడూ, వెల్లుల్లి గుత్తులూ వేలాడాయి. ఈ వేసవిలో ప్రత్యూష పురిటికి వచ్చింది, ఆడపిల్లని కన్నది. దాంతో నాకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. బుల్లబ్బాయి గారి భార్య మంగతాయారు గారు నన్ను తుడిచి, నూనె రాసి, గొలుసులు తగిలించారు. తుడిచిన గుడ్డకి ఎర్రగా తుప్పు అంటింది. "పాత ఇనుము కదా" అని ఆవిడ గుడ్డ ఉతికి ఆరేశారు. నా మొదటి కబురు అలా సబ్బునీళ్లలో కలిసిపోయింది.

అసలు సంగతి డాబా మీద ఉందండీ. ఎండలకి ఇల్లు కాగిపోతుందని బుల్లబ్బాయి గారు ప్రతి వేసవీ పైన నీళ్లు కడతారు. వాననీళ్లు పోయే తూములో పాత లుంగీ కుక్కి, మోటారు వేసి, చీలమండ మునిగేలా నిలబెడతారు. "మాకు ఏసీ ఎందుకండీ?" అని వీధిలో గొప్ప కూడా. ఈసారి కింద మనవరాలుంది కాబట్టి నీళ్లు ఇంకేలోపే మళ్లీ నింపారు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమే సన్నటి నెర్రెల్లోంచి దిగి, చువ్వల్ని తడిపి, నా మెడదాకా వచ్చింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, కింద ఉన్న పెచ్చుని తోస్తుంది. ఆ పెచ్చు కింద ఉయ్యాల. ఉయ్యాలలో ఇంకా పేరైనా పెట్టని పిల్ల.

చేతనైనట్టు చెప్పి చూశాను. నా పక్కనే బొట్టుబిళ్లంత గోధుమరంగు మచ్చ వేశాను. "సాంబ్రాణి పొగే" అన్నారు మంగతాయారు గారు. పిల్ల దుప్పటి మీద నాలుగు ఇసక రేణువులు రాల్చాను.

"అమ్మా, దుప్పటి దులపలేదా? ఇసకే!" అంది ప్రత్యూష.

"మీ నాన్న చెప్పులేసుకుని ఇల్లంతా తిరిగితే ఇసక రాదేంటే?"

"ఆయ్, నేనేవన్నా ఉయ్యాల్లో తిరిగానేంటి?" అన్నారు బుల్లబ్బాయి గారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మచ్చ విస్తరి అంతయింది. అంచున ఉప్పులా తెల్లటి పొడి లేచింది. చువ్వ పోయిన దారినే తిన్నగా ఒక గీత విచ్చింది. ఈలోగా బారసాల దగ్గరపడింది. బుల్లబ్బాయి గారు తలెత్తి చూశారు! నా ప్రాణం లేచొచ్చింది. "జనం వస్తారు, మచ్చుంటే ఏం బాగుంటదండీ" అని తెల్లరంగు తెచ్చి రెండు పూతలు కొట్టించారు. నోరులేని నాకు ఉన్న ఆ ఒక్క మాటా మూసేశారు.

పిల్ల మాత్రం నా పక్కకే కళ్లప్పగించి చూసేది. "దేవుడితో మాట్లాడుతోందర్రా" అని చుట్టాలు మురిసిపోయారు.

బారసాల పొద్దున ఇల్లంతా జనం. ఉయ్యాలకి బంతిపూలు కట్టారు. పిల్ల ఏడుస్తుంటే ప్రత్యూష చాప మీద దాని పక్కనే వెల్లకిలా పడుకుని జోకొట్టింది. పిల్ల చూసే వైపే తనూ చూసింది. కిటికీలోంచి ఏటవాలుగా పడిన ఎండలో, కొత్త రంగు కింద కప్పు పూరీలా పొంగి కనిపించింది. చటుక్కున లేచి కూర్చుంది.

"నాన్నా, ఉయ్యాల ఇక్కడొద్దు. పైన పొంగింది చూడు."

పదిమందిలో అనేసరికి ఆయనకి రోషం వచ్చింది. "నిన్ను ఊపిన కొక్కెం అమ్మా ఇది!" అంటూ స్టూలెక్కి, నన్ను రెండు చేతులా పట్టుకుని కాళ్లు పైకి లేపేశారు. నిండు మనిషి. ఊడిపోనా అనుకున్నాను. ఊడితే ఈయన నడుం పట్టుకుంటుంది, పిల్ల బతుకుతుంది. కానీ నా కట్టు గట్టిది, ఊడలేదు. లోపల పెచ్చు మాత్రం చిటుక్కుమంది. నాకొక్కదానికే వినపడింది.

"చూశావా? నా బరువే ఆగింది. నీ కూతురెంత, గుప్పెడు!"

జనం చప్పట్లు. ఊడేది నేను కాదండీ, నా పక్కది అని ఎవరికి చెప్పను? మంగతాయారు గారు పిల్లని ఎత్తుకుని ఉయ్యాల వైపు నడిచారు. ప్రత్యూష అడ్డంగా నిలబడింది.

"కొట్టి చూడు నాన్నా. కాయ కొట్టి చూస్తావే, అలా చూడు. నిండుకాయంటే నేనే పడుకోబెడతాను."

ఆయన నవ్వుతూ బూజుకర్ర తిరగేసి, గోడ దగ్గర కప్పు మీద కొట్టారు. టంగ్. "నిండుకాయ!" అన్నారు. నాలుగడుగులు ఇవతల కొట్టారు. టంగ్. నా పక్కన కొట్టారు. డొప్.

మళ్లీ కొట్టారు. డొప్.

నవ్వు పోయింది. గుట్టలో కుళ్లుకాయని చూడకుండా ఏరేసే చెవి ఆయనది. ఆ చెవికి ఎవరు సర్దిచెబుతారు?

"మంగా, పిల్లని తీసుకుని బయటికి నడు. అందరూ నడవండి, అరుగు మీదికి."

వీధి వసారా దూలానికి పట్టుచీరతో ఉయ్యాల కట్టారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. బుల్లబ్బాయి గారు డాబా ఎక్కి తూములో లుంగీ లాగేశారు. నీళ్లు వీధిలోకి దభదభా దూకాయి. ఆ చప్పుడు తగ్గకముందే మధ్యగదిలో పెచ్చు విరిగి, బంతిపూల ఉయ్యాల మీద పడింది. ఒక గొలుసు తెగింది. పాట ఆగింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. బతికున్న పిల్ల ఏడుపు ఎంత బాగుంటుందో ఆ రోజు తెలిసింది నాకు.

బుల్లబ్బాయి గారు తడి లుంగీ చేతిలో పట్టుకునే డాబా దిగి గుమ్మంలోకి వచ్చారు. ఉయ్యాల మీద పడ్డ పెచ్చు చూసి, ప్రత్యూషతో, "నువ్వు చెబితే వినలేదమ్మా. కర్ర చెబితే విన్నాను" అన్నారు. ప్రత్యూష ఆ లుంగీ తీసుకుని వీధిలోకి గిరాటేసి, పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది.

తర్వాత మేస్త్రీలు వచ్చి కప్పు చెక్కి, నన్ను కోసేశారు. పాతసామాన్లకి పోవాల్సినదాన్ని, బుల్లబ్బాయి గారు కొట్టుకి తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టుకున్నారు. చెట్టుబెరడులా పొరలు లేచిన నా మెడ కాయలు కొనేవాళ్లందరికీ చూపిస్తారు. "ఇంటికెళ్లి ముందు పైకి చూడండి. మచ్చుంటే రంగేయకండి, కర్రతో కొట్టండి" అంటారు. వినేవాళ్లు వింటారు, కాయల బేరం చేసేవాళ్లు చేస్తారు.

ఉంటానండీ మరి. ఈ సంగతి మీవాళ్లందరికీ పంపండి, మీ గ్రూపుల్లో పెట్టండి. పంపే ముందు మాత్రం, మీ పిల్లలు పడుకునే చోట మీరు ఒకసారి వెల్లకిలా పడుకోండి.