మాట చేరకముందే మారిన ముఖం

తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ పైకెళ్ళి ఇంకోసారి లాగి చూసే మనిషి మా ఆయన. కూర బాగుందని నోటితో అనడు. "ఏంటి సంగతి, ఇవాళ ఏమన్నా అడగబోతున్నావా?" అంటాడు. అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పీట వేసి మరీ కూర్చోబెట్టాం.

అలాంటి మనిషికి మేముంటున్న ఈ పరాయి దేశంలో దొరికిన ఉద్యోగం చూడండి: కోర్టులో దుబాసీ. జడ్జీగారూ ప్లీడర్లూ ఇంగ్లీషులో అన్నది అరబ్బీలోకి, అరబ్బీవాళ్ళు చెప్పింది ఇంగ్లీషులోకి. తను నమ్మినా నమ్మకపోయినా అన్నది అన్నట్టు చెప్పాల్సిందే. నేను అదే హాల్లో స్టెనోని. జడ్జీగారి బల్ల ముందు, జనం వైపు తిరిగి కూర్చుని, పలికిన ప్రతి ముక్కా టైపు చేస్తాను. ఇద్దరం కలిసే వెళ్తాం, కలిసే వస్తాం, దారి పొడుగునా పోట్లాడుకుంటాం.

మా భోజనాల బల్ల మీద సగం నిఘంటువులే. ఆ పూటకి విచారణ ముగిసిందనడానికి 'కోర్ట్ రైజెస్' అంటే, కొత్త దుబాసీలు కోర్టు లేచి నిలబడిందని చెప్పేస్తారట. అరబ్బీలో కోర్టు లేవదట, విచారణనే పైకెత్తుతారట. 'రీజనబుల్ డౌట్' దగ్గరకొచ్చేసరికి ఆయనకి ప్రతిసారీ తలనొప్పే. జనం నోట్లో నానే అరబ్బీ మాట ప్రకారం, శిక్ష వెయ్యాలంటే అసలు అనుమానానికి చోటే ఉండకూడదు. ఇంగ్లీషు చట్టం అడిగేది సబబైన అనుమానం ఉండకూడదని మాత్రమే. ఆ 'సబబైన' అన్నది అతికించకపోతే అర్థం చెడుతుందట.

"ముందు మీ అనుమానాల్లో సబబైనది ఒక్కటి చూపించండి, చూసి తరిస్తాను" అన్నాను. రెండు రోజులు నిఘంటువులు అడ్డం పెట్టుకుని భోంచేశాడు మహానుభావుడు.

ఆ మధ్య ఒక కుట్టుపనావిడ కేసు వచ్చింది. ఆవిడ పనిచేసే కుట్టు షాపు తగలబడిపోయింది. యజమానితో గొడవపడి, కావాలనే ఇస్త్రీపెట్టె బట్టల మీద వదిలేసి వెళ్ళిందని కేసు. పోలీసుల చేతిలో ఉన్న సాక్ష్యమల్లా ఆవిడ సంతకం పెట్టిన వాంగ్మూలం. అది ఇంగ్లీషులో ఉంది. "నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అందులో ఏముందో ఎవరూ అరబ్బీలో చదివి చెప్పలేదు. పెట్టమంటే పెట్టాను" అంటుంది ఆవిడ. ఇంగ్లీషు రాదన్న మాట నిజమైతే ఆ కాగితం చెల్లదు, ఆవిడ ఇంటికెళ్తుంది. అబద్ధమైతే జైలే.

మొదటి విచారణ అయ్యాక, ఇంటికెళ్ళే దారిలో మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "ఆవిడకి ఇంగ్లీషు వచ్చు."

"మళ్ళీ మొదలుపెట్టారా!"

"నవ్వకు. బెయిలు పొడిగిస్తున్నానని జడ్జీగారు అన్నారా, నేనింకా నోరు తెరవనే లేదు, ఆవిడ హమ్మయ్య అని ఊపిరి వదిలింది. నేను చెప్పేదాకా ఆవిడకి తెలియకూడదు కదా? ఎలా తెలిసింది?"

"జడ్జీగారి గొంతుని బట్టి తెలిసుంటుంది. మీరు విసుక్కున్నారని తెలియడానికి నాకు నిఘంటువు కావాలా ఏంటి?"

ఆయన వినలేదు. తర్వాతి విచారణలో కావాలనే ఆలస్యం చేశాడు. ప్రాసిక్యూటరు ప్రశ్న అడగగానే దగ్గాడు, మంచినీళ్ళు తాగాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ రోజు నేనూ టైపు చేస్తూనే ఆవిడ ముఖం మీద ఓ కన్నేసి ఉంచాను. ఏం చెప్పమంటారు! ఈయనగారి కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది, ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. ప్రాసిక్యూటరు అడిగింది చాలా ఘోరమైన ప్రశ్న. ఈ మనిషి నిజం చెప్తున్నాడా, ఇన్నాళ్ళకి!

"చూశావా?" అన్నాడు ఇంటికొచ్చాక.

"చూశాను."

"జడ్జీగారికి చెప్పాలి."

"మీ పని మాట మొయ్యడం. వాసన చూడడం కాదు. మీకెందుకండీ?"

"ఒట్టేసి ఆ హాల్లో నిలబడుతున్నానే. అక్కడ నాటకం జరుగుతుంటే నేను తెర లాగుతూ కూర్చోవాలా?"

నాకూ ఆవిడంటే అనుమానం పట్టుకుంది. ఆ వంచిన తల, ఆ నలిగిన బట్టలు, అంతా వేషమేనా అనిపించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందా అనుకున్నాను.

మూడో విచారణ మొదలవగానే మా ఆయన చెయ్యెత్తాడు. దుబాసీ తరఫున ఒక విషయం కోర్టువారి దృష్టికి తెస్తున్నానని, ముద్దాయికి ఇంగ్లీషు తెలుసని తనకి గట్టి అనుమానమని, తన మాట ఆవిడకి చేరకముందే ముఖం మారుతోందని, గడగడా ఇంగ్లీషులో చెప్పేశాడు. ఆవిడ ప్లీడరు ఎగిరి లేచాడు. జడ్జీగారు చేత్తో ఆయన్ని కూర్చోబెట్టి, "మీరు ఏమీ తర్జుమా చెయ్యకండి" అని మా ఆయనతో అన్నారు. ఆవిడ వైపు తిరిగి మామూలు గొంతుతో, ఇంగ్లీషులో, "బెయిలు రద్దు చేస్తున్నాను. ఇప్పుడే జైలుకి తీసుకెళ్తారు" అన్నారు.

ఆవిడ ముఖం పాలిపోయింది. బోను చెక్కని రెండు చేతులతో పట్టుకుంది.

జడ్జీగారు తల పంకించారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దొరికిపోయిందని హాల్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకునేదాన్నే. కానీ ఆవిడ జడ్జీగారిని చూడడం లేదు. మా ఆయన భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. అటు చూశాను. ఆఖరి వరసలో ఒక పెద్దావిడ, అచ్చం ఇదే ముక్కు, ఇవే కనుబొమలు, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని కుమిలిపోతోంది. ముందు ఏడ్చింది ఆమె. ఆమెని చూసి పాలిపోయింది ఈవిడ. మా ఆయన వీపు అటు పెట్టి నిలబడతాడు, జన్మలో చూడలేడు. జడ్జీగారి కళ్ళు బోను మీదే ఉన్నాయి.

స్టెనో నోరు విప్పకూడదు. వినపడకపోతే 'మళ్ళీ చెప్పండి' అనడానికి తప్ప నాకు ఆ హాల్లో గొంతు లేదు. పైగా విప్పితే పరువు పోయేది ఎవరిది? నా మొగుడిది. అయినా ఆ ముఖం చూస్తూ ఎలా ఊరుకోను? లేచి నిలబడ్డాను.

"సర్, వెనక కూర్చున్న ఆవిణ్ణి బయటికి పంపించి మళ్ళీ అడగండి. ముద్దాయి చదువుతోంది ఆవిడ ముఖాన్ని."

మా ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. ప్లీడరు అందుకున్నాడు. ఆ పెద్దావిడ ముద్దాయికి అక్కట, ఇంగ్లీషు బళ్ళో టీచరట, ప్రతి విచారణకీ వచ్చి కూర్చుంటోందట. జడ్జీగారు క్షణం ఆలోచించి ఆమెని బయటికి పంపించారు. తలుపు మూయించారు. మళ్ళీ అదే మామూలు గొంతు. "నీకు పదేళ్ళ శిక్ష వేస్తున్నాను. నీ పిల్లల్ని ఇవాళే అనాథాశ్రమానికి పంపిస్తారు."

ఆవిడ మర్యాదగా తల ఊపి, కొంచెం నవ్వింది.

పెద్దవాళ్ళు ఏదో మంచి మాట అంటే నవ్వుతాం చూడండి, అలా. తర్వాత మా ఆయన వైపు తిరిగి, ఏమన్నారని అడుగుతున్నట్టు కనుబొమలెత్తింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

జడ్జీగారు ఆ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవడం లేదన్నారు. మా ఆయన అది అరబ్బీలో చెప్పాడు. వింటూనే ఆవిడ ఏడ్చేసింది. బోనులోంచి వంగి మా ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తన మీద అనుమానం పడింది ఈయనే అని ఆవిడకి తెలియదు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగిపోయాయి. ఈయన చెయ్యి లాక్కోలేడు, ఉంచుకోలేడు.

అప్పుడు ఆవిడ ప్లీడరు లేచాడు. "సర్, ఈ గదిలో ముద్దాయి గురించి అన్న ప్రతి మాటా వినే హక్కు ఆమెకుంది. దుబాసీగారు ఇందాక అన్నదీ ఆమెకి చెప్పాలి. మీరు పరీక్ష కోసం అన్నవీ చెప్పాలి."

"న్యాయమే. చెప్పండి" అన్నారు జడ్జీగారు.

నాకు అరబ్బీ రాదు. మా ఆయన చెప్తున్నంతసేపూ ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. చెయ్యి వదిలేసింది. కన్నీళ్ళు తుడుచుకుంది. చివరికి ఒక చిన్న మాట అంది.

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నారు జడ్జీగారు.

"అంటోంది..." అన్నాడు మా ఆయన. "'ఇంతమందిలో నా భాషలో నన్ను అడగగలిగినవాడివి నువ్వొక్కడివే. ఒక్కసారి అడగలేకపోయావా?'"

ఆఖరి మాట ఎవరికీ వినపడలేదు. గట్టిగా చెప్పమన్నారు జడ్జీగారు, రికార్డులోకి రావాలని. మళ్ళీ చెప్పాడు. నేను టైపు చేశాను.