పేటెంటు పొందిన గడియ

వర్క్‌షాపులో ఆమెను అందరూ తాళాలక్క అనేవాళ్లు. కన్నతల్లి కూడా ఒక్కోసారి నోరుజారి అలాగే పిలిచేది. తాళాలు కనిపెట్టడం ఆమె పని, వాటిని అమ్మడం తమ్ముడి పని. ఆమె రోజంతా పెదవి విప్పకుండా ఉండగలదు. వాడు నిద్రలో కూడా బేరమాడతాడు.

ఇద్దరి పేర్ల మీదా వచ్చిన మొదటి పేటెంటు, శీతల గిడ్డంగుల తలుపులకు బిగించే గడియది. మామూలుగా మీట నొక్కితే మోటారు గడియను వెనక్కి లాగుతుంది. కరెంటు పోతే లోపల చిక్కుకున్న మనిషి పిడిని కిందికి వంచితే చాలు, అదే గడియ జారి తలుపు తెరుచుకుంటుంది. ఎంత చలిలోనైనా పనిచేస్తుందని పేటెంటు కాగితాల్లో రాసింది ఆమే.

ఆ రోజు ఒక చేపల గిడ్డంగిలో దానికి పరీక్ష. ఇలాంటి గిడ్డంగులు ఎన్నో ఉన్న కంపెనీ నుంచి కొనుగోళ్ల మేనేజరు తన మనుషులతో వచ్చాడు. తాళాలక్క లోపలికి వెళ్లాలి, తమ్ముడు కరెంటు తీసేయాలి, ఆమె తనంతట తాను బయటికి రావాలి.

"నేను తలుపు తోసుకుని వచ్చేదాకా స్విచ్చు ముట్టుకోకు. చాటుగా మోటారు తిప్పామని ఎవరూ అనకూడదు," అని తమ్ముడికి మరీ మరీ చెప్పింది.

"నేనెందుకు ముట్టుకుంటానక్కా? నువ్వొచ్చేదాకా వీళ్లకు కబుర్లు చెబుతుంటా."

ఆమె లోపల అడుగు పెట్టబోతుంటే మేనేజరు కోటు గుండీలు పెట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"నేనూ వస్తానమ్మా. బయట నిలబడి చూస్తే నాకేం తెలుస్తుంది? రేపు లోపల పనిచేయాల్సింది మావాళ్లే కదా."

కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు.

తలుపు మూసుకుంది. దీపాలు ఆరిపోయాయి. చల్లగాలి కొట్టే ఫ్యాన్లు ఒక్కొక్కటే నీరసించి ఆగాయి. తాళాలక్క టార్చి వెలిగించి, పిడి పట్టుకుని కిందికి వంచింది.

పిడి కదల్లేదు.

రెండు చేతులూ వేసి ఒళ్లంతా దాని మీద మోపింది. రాతిలో పాతినట్టు ఉంది.

"ఏమైందమ్మా?"

"కాస్త బిగుసుకున్నట్టుంది, ఉండండి."

టార్చి వెలుగు గడియ మీద వేసి చూసింది. గడియ కదలాల్సిన సందులో తెల్లగా మంచు పేరుకుని ఉంది. బిగింపు పని కోసం పొద్దున్నుంచీ ఆ తలుపు బార్లా తీసే ఉంచారు. బయటి గాలిలోని తేమ ఆ సందులో మంచుగా పేరుకుంటూ వచ్చి, తలుపు మూయగానే గడియను బిగించేసింది. వర్క్‌షాపులోని చలిపెట్టెలో ఈ గడియను ఆమె ఎన్నిసార్లు పరీక్షించిందో లెక్కలేదు. కానీ ఆ పెట్టెలోకి తడిగాలి ఎప్పుడూ పోలేదు. ఆ ఆలోచనే ఆమెకు రాలేదు.

పిడికిళ్లతో తలుపు బాదింది. అది జానెడు మందం. ఆ చప్పుడు అవతలికి చేరదని ఆమెకు తెలుసు. తమ్ముడు జన్మలో అక్క మాట విన్నవాడు కాదు. ఇవాళ మాత్రం తు.చ. తప్పకుండా వింటున్నాడు.

"మీకో సంగతి చెప్పాలి," అన్నాడు మేనేజరు చీకట్లోంచి. "నాకు గుండె ఆపరేషన్ అయింది. చలిలో తిరగొద్దన్నారు డాక్టర్లు."

"మరెందుకొచ్చారండీ?"

"నిమిషంలో పని కదా అనుకున్నా. మీ తమ్ముడు అలాగే చెప్పాడు."

చేపల పెట్టె మీద కూలబడబోయిన ఆయన్ను ఆమె రెక్క పట్టుకుని లేపింది. తన మెడకున్న ఉన్ని గుడ్డ తీసి ఆయన తలకు చుట్టింది. "కూర్చోకండి. అటూ ఇటూ నడవండి. నాతో మాట్లాడుతూ ఉండండి," అంది. ఏం మాట్లాడాలో తోచక ఆయన మనవరాలి గురించి మొదలుపెట్టాడు. మధ్యమధ్య పళ్లు కొట్టుకుని మాట తెగిపోతోంది.

ఆయన మాట పూర్తిగా ఆగిపోయినప్పుడు దీపాలు వెలిగాయి.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఫ్యాన్లు కూడా తిరిగి చలిగాలి ముఖాన కొట్టింది. గడియ మోటారు గుర్రుమంది, టక్కుమని ఆగిపోయింది. తమ్ముడు అవతల మళ్లీ మీట నొక్కినట్టున్నాడు. మళ్లీ గుర్రు, మళ్లీ టక్కు. ఆ టక్కుమన్నది, బరువెక్కువైతే మోటారు కాలిపోకుండా ఆపే చిన్న రక్షణ బిళ్ల. ఆమె చేతులారా పెట్టిందే.

గోళ్లు విరుగుతున్నా లెక్కచేయక మరలు తిప్పి మోటారు మూత ఊడదీసింది. జడలోంచి పిన్ను లాగింది.

"దీన్ని అడ్డం పెడితే మోటారు ఆగదు. వేడెక్కి మంచు కరగొచ్చు. కానీ మోటారు కాలిపోతుంది."

మేనేజరు ఏదో అన్నాడు, ఆమెకు అర్థం కాలేదు. ప్రపంచం మొత్తంలో ఆ గడియ ఒక్కటే ఉంది. దాని వెనక ఆమె ఏళ్ల శ్రమ ఉంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పిన్ను బిళ్లకు అడ్డంగా దూర్చింది.

తమ్ముడు అవతల మళ్లీ మీట నొక్కాడు, ఈసారి మోటారు ఆగకుండా గుర్రుమంటూనే ఉంది. కాలిన వాసన లేచింది, సన్నగా పొగ. ఆమె పిడి మీద వేలాడింది. మేనేజరు కూడా వచ్చి, పట్టు లేని చేతులతోనే దాన్ని పట్టుకున్నాడు. మంచు ఫెటీలుమంది. గడియ జారింది. ఇద్దరూ తలుపుతో పాటు బయటికి పడ్డారు.

ఎండలో కుర్చీ వేసి మేనేజరును కూర్చోబెట్టారు. ఎవరో ఆయన అరచేతులు రుద్దుతున్నారు. తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు, అయినా నాలుక దాని పని అది చేసుకుపోయింది.

"చూశారు కదండీ, కరెంటు ఉన్నా లేకున్నా మా గడియ..."

"ఆగరా," అంది తాళాలక్క. అందరి వైపూ తిరిగింది. "గడియ గడ్డకట్టింది. పిడి పనిచేయలేదు. మోటారు కాల్చుకుని బయటపడ్డాం. తడిగాలి సంగతి నేను ఆలోచించలేదు."

మేనేజరు తల కూడా ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే తమ్ముడు ముఖం మాడ్చుకుని వ్యాను నడిపాడు.

"పేటెంటు వచ్చాక అది పనిచేయదని ఎవరైనా నలుగురిలో చెప్పుకుంటారా అక్కా? ఆయనేమీ అనలేదు కదా."

"అనే ఓపిక లేక." ఆమె వేళ్లకు కట్టు సర్దుకుంది. "ముట్టుకోవద్దన్నా స్విచ్చు ఎందుకు వేశావు?"

వాడు వ్యాను రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"ఏదో చెబుతున్నాను, వాళ్లు నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నాకు నవ్వు రాలేదు. నువ్వు చేసే పనికి ఇంతసేపు పట్టదు కదా అనిపించింది." స్టీరింగు మీదున్న వాడి చేతుల మీద ఆమె తన చెయ్యి వేసింది.

ఆర్డరు రాలేదు. ఆమె మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి పిడి గడియను లాగదు. గడియ దూరే పట్టీనే ద్వారబంధం నుంచి విడదీస్తుంది, గడియ మంచులో కూరుకుపోయినా సరే. రెండో పేటెంటుకు దరఖాస్తు పెడుతూ, మొదటిది ఎక్కడ విఫలమైందో అందులో దాచకుండా రాసింది. తమ్ముడు అది చదివి గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు.

కొత్త గడియ పరీక్షకు మేనేజరును పిలవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు, తమ్ముడే పిలిచాడు. ఆయన వచ్చాడు. ఆమె గడియ మీద చెంబెడు నీళ్లు పోసి, గట్టిగా గడ్డకట్టేదాకా ఆగి, లోపలికి నడిచింది. వెనకే తమ్ముడు.

"స్విచ్చు దగ్గర నేనుంటాను," అన్నాడు మేనేజరు. "మీరు త్వరగా రాకపోతే నేనాగను, ఎవరేమనుకున్నా."

కరెంటు పోయింది. చీకట్లో తమ్ముడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె పిడి వంచింది. పట్టీ ఊడి వచ్చింది, తలుపు తెరుచుకుంది. మేనేజరు ఇంకా స్విచ్చు మీద చెయ్యి వేసే ఉన్నాడు.

"మూయండి," అన్నాడు. "ఇంకోసారి చూద్దాం."